తలుపు ఆయనది, కిటికీ ఆవిడది

"అమ్మా, ఆ తలుపు మీద కాస్త పడుకో."

పాత సామాన్ల యార్డులో తన భార్యతో ముక్కూ మొహం తెలియని పెద్దాయన ఎవరో ఆ మాట అనేసరికి లైబ్రేరియన్‌కు ఒళ్ళు మండింది.

"ఏమిటండీ ఆ మాటలు?"

"కిటికీ కొలత కోసం బాబూ. ఇంటి కిటికీ నిలబడి కొలుస్తారు. ట్రైలర్ కిటికీ పడుకుని కొలవాలి."

లైబ్రేరియన్ మూడు నెలలుగా ఇంటి వెనక ట్రైలర్ కడుతున్నాడు. కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరిగే చక్రాల గది అది. నేల, గోడలు, కప్పు అయ్యాయి. ఇక తలుపూ కిటికీ బిగిస్తే శనివారం ప్రయాణమే.

అది భార్యకిచ్చిన మాట. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పొద్దున్నే కిటికీ తెరిస్తే కనిపించేది పక్కింటి గోడ. దాని మీద పగుళ్ళెన్నో, ఏ పగులులో చీమల బారు ఎటు పోతుందో ఆవిడకు కంఠతా వచ్చు.

"ఒక్క పొద్దునైనా ఆ గోడ కాకుండా ఇంకేదైనా చూడాలండీ," అంది ఓ రోజు.

ఆయన మాటిచ్చాడు, ఓ పుస్తకం కొన్నాడు, సుత్తి పట్టాడు. అప్పటిదాకా ఆయన ఎత్తిన పనిముట్లలో బరువైనది రబ్బరు స్టాంపు.

ఆవిడ మొగుడి వంక చూడకుండా చెంగు దోపుకుని, నేల మీదున్న పాత తలుపు మీద పడుకుంది. యార్డులో ఉన్నవాళ్ళంతా ఆవిడను చూశారు. లైబ్రేరియన్ ఆకాశాన్ని చూశాడు.

పక్కింటి గోడ గొడవంతా ఆవిడ పడుకునే చెబుతుంటే, పెద్దాయన ఆవిడ కళ్ళ ఎత్తును పక్క స్తంభం మీద సుద్దముక్కతో గీశాడు.

"ఇదీ ఎత్తు. పైన మడతబందులుండి, కింద నుంచి బయటికి తోసే కిటికీ తీసుకో. వాన పడ్డా మూయక్కర్లేదు. ఇక తలుపు సంగతి..."

"తలుపు సంగతి మా పుస్తకం చూసుకుంటుంది," అన్నాడు లైబ్రేరియన్ చంకలోంచి పుస్తకం తీసి.

నలభై మూడో పేజీలో ఫోటో ఉంది. పుస్తకం రాసినాయనే టోపీ కళ్ళ మీదికి దించుకుని, తలుపు బందుకు సీల దిగ్గొడుతున్నాడు. బందులు కుడివైపున్నాయి. కింద "ఇలాగే బిగించండి" అని ఉంది.

పెద్దాయన ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"తలుపు ఫుట్‌పాత్ వైపేనా?"

"అవును."

"అయితే కుడివైపంటే బండికి వెనకవైపు. బందులు ముందుండాలి బాబూ. అప్పుడు దారిలో తలుపు తెరుచుకున్నా ఎదురుగాలే మూసేస్తుంది. వెనకుంటే ఊడబీకేస్తుంది."

"అంటే అచ్చులో ఉన్నది తప్పా?"

"ఒక్కోసారి అచ్చులో కూడా..."

"ఆ మహానుభావుణ్ణి ఒక్క మాట అనకండి! ఆయన కాలిగోటికి సరిపోతారా మీరు?"

పెద్దాయన తల వంచి తన కాలిగోళ్ళు చూసుకున్నాడు.

భార్య పుస్తకంలోకి తొంగిచూసింది.

"ఏవండీ, ఈయన ఎడమచేత్తో సుత్తి పట్టుకున్నాడేమిటి?"

"ఎడమచేతి వాటం వాళ్ళు సుత్తి పట్టకూడదని ఎక్కడైనా రాసుందా?"

చివరికి రాజీ కుదిరింది. కిటికీ ఆవిడ ఇష్టం, తలుపు పుస్తకం ఇష్టం.

శనివారం బయల్దేరారు. ఊరు దాటగానే బండి ఓ గుంతలో పడి లేచింది. తలుపు గడియ జారింది. వెనక నుంచి ఢమాలున చప్పుడైంది.

ఆపి చూస్తే ట్రైలర్‌కు తలుపు లేదు. అది కాలవలో బోర్లా పడి ఉంది. రోడ్డు పొడవునా దిండ్లు, దుప్పట్లు, ఓ గరిటె, ఆ పుస్తకం.

అన్నీ ఏరుకునేసరికి మధ్యాహ్నమైంది. తలుపుకు బదులు దుప్పటి కట్టుకుని ఇంటికొచ్చారు.

"పరుపైతే వేశాంగా," అని ఆవిడ పట్టుబట్టి ఇంటి వెనక ట్రైలర్‌లోనే పడుకుంది.

పొద్దున కళ్ళు తెరిచింది. కిటికీ సరిగ్గా కళ్ళ ఎత్తులో ఉంది. మెడ కూడా తిప్పక్కర్లేదు. అందులోంచి పక్కింటి గోడ నిండుగా కనిపించింది.

ఆవిడ ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే ఆయన ఎదురు చెప్పేవాడే. అనకపోయేసరికి గుండెలో గుచ్చుకుంది.

"పద, ఆ పెద్దాయన దగ్గరికి వెళ్దాం. కాళ్ళ మీద పడతాను."

"కాలిగోటికి సరిపోడన్నారుగా?"

"అందుకే పడతానంటున్నాను."

యార్డు యజమాని తల అడ్డంగా ఊపాడు.

"ఆయన ఇక రాడండీ. పోయిన ఆదివారం మీరు వెళ్ళగానే తన ట్రైలర్ తగిలించుకుని వెళ్ళిపోయాడు."

"ఆయనకూ ట్రైలర్ ఉందా?"

"ఉందిగానీ మూడేళ్ళుగా కదిలిస్తేనా! ప్రతి ఆదివారం ఇక్కడే కాపలా. ఎవరైనా మీ చేతిలో ఉన్న ఆ పుస్తకం పట్టుకొస్తే చాలు, పరుగెత్తేవాడు. అమ్ముడుపోయినవి పదకొండేనట. మీరు పదకొండోవారు."

బల్ల కింద నుంచి ఓ కాగితం పొట్లం తీసి ఇచ్చాడు.

"తలుపు ఊడాక వస్తారు, ఇవ్వమన్నాడు."

పొట్లంలో నూనె రాసిన కొత్త మడతబందులు రెండున్నాయి. కాగితం మీద నాలుగు ముక్కలు రాసున్నాయి. లైబ్రేరియన్ పైకే చదివాడు.

"బాబూ, వీటిని ముందువైపు బిగించు. అమ్మకు గోడ లేని పొద్దున ఒకటి చూపించు. ఆ రోజే చెప్పేవాణ్ణి, నువ్వు అంతలా పొగిడాక నోరు రాలేదు. నలభై మూడో పేజీ ఫోటోను ప్రెస్సువాళ్ళు తిరగేసి అచ్చేశారు, నాది కుడిచేతి వాటమే."