గుమ్మంలో ఇద్దరు

"చెప్పకండి" అంది డెల్లా, తలుపు సగమే తెరిచి. "మీకు పుణ్యముంటుంది, ఒక్క మాట కూడా చెప్పకండి."

మెట్ల మీద ఇద్దరు నిలబడి ఉన్నారు. తెల్ల టోపీలు చంకన పెట్టుకున్నారు. నల్లకోట్ల మీద ఇత్తడి గుండీలు మెరుస్తున్నాయి. ఒకావిడకు జుట్టు నెరిసింది, పక్కనున్నవాడు కుర్రవాడు. చూసినవాళ్ళు నౌకాదళం అనుకుంటారు గానీ డెల్లాకు తెలుసు. అది తన కూతురు కోరిన్ వేసుకునే యూనిఫారమే. ఆరోగ్య దళం, సైన్యంలాగే హోదాలుండే ప్రభుత్వ డాక్టర్ల, నర్సుల దళం.

ఎదురింటి లోయిస్ గుమ్మంలోకి ఇలాగే ఇద్దరు వచ్చారు, సైన్యంలో ఉన్న వాళ్ళబ్బాయి పోయాడని చెప్పడానికి. ఆ రోజు లోయిస్ పెట్టిన కేక ఈ డండాక్ పేటలో వీధి చివరిదాకా వినిపించింది. అప్పటినుంచీ వీధిలో కారు తలుపు పడిన చప్పుడైతే చాలు, డెల్లా కిటికీ దగ్గరికి పరిగెడుతుంది. కోరిన్ తుపాకీ పట్టుకోదు, నర్సు. అయినా యూనిఫారం యూనిఫారమే. పైగా ఇప్పుడు తుపాను ఊడ్చేసిన దీవిలో ఉంది.

"మేడమ్, నేను కమాండర్ థార్ప్. ఇతను లెఫ్టినెంట్ ఒకాంపో. మేము..."

"లోపలికొచ్చి కూర్చోండి. కాఫీ తాగేదాకా నోరు విప్పడానికి వీల్లేదు."

వాళ్ళు చెప్పనంతసేపూ అది జరగనట్టే. డెల్లా కాఫీ పెట్టింది. పీతమాంసం బిళ్ళలు పెనం మీద వేసింది. ఒకటి నేలపాలైంది. మిగిలినవి పళ్ళెంలో పెట్టి తెస్తుంటే వంటింటి గోడకున్న పాత ఫోన్ మోగింది.

"మేడమ్, ఫోన్" అన్నాడు ఒకాంపో.

"మోగనీ బంగారూ. దానికి మందులమ్మేవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు. పొద్దుట్నుంచీ ఇదే గోల. పీకి పారేస్తానంటే మా అమ్మాయి ఒప్పుకోదు. ఆఫీసువాళ్ళకి ఆ నంబరే ఇచ్చిందట. తను మాత్రం నా సెల్లుకే చేస్తుంది. నిన్న చెయ్యలేదు. అక్కడ సిగ్నల్ ఉండి చావదు. తిను, తిను."

"మా అమ్మా అంతే మేడమ్. భయమేస్తే వండుతుంది."

"నువ్వు మాట్లాడకు. నములు."

కమాండర్ కప్పు కింద పెట్టింది. "మేడమ్, మీరు అనుకుంటున్నది కాదు."

"నేనేం అనుకుంటున్నానో నీకేం తెలుసు?"

"మీ మొహంలో కనిపిస్తోంది. మమ్మల్ని దళం పంపలేదు. మేం అధికారుల సంఘం నుంచి వచ్చాం. నెలనెలా మీకు పత్రిక పంపేది మేమే."

డెల్లా అలాగే నిలబడిపోయింది. "ఆ పత్రికా? నేను వెనక పేజీ నుంచి చదివేది?"

"వెనక పేజీలో పోయినవాళ్ళ పేర్లు కదా వేస్తాం!"

"అందుకే. మా అమ్మాయి పేరు లేదని చూసుకున్నాకే మీ పెన్షన్ల గొడవలు చదువుతాను." ఆమె భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుంది. "అయితే... కోరిన్?"

"కోరిన్ గురించి చెప్పడానికి రాలేదు మేడమ్. ఒట్టు."

డెల్లా కుర్చీలో కూలబడింది. ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. చేతిలో ఉన్న తువ్వాలుతో ఒకాంపో భుజం మీద ఒక్కటిచ్చింది. "సచ్చినోడా! ముందే చెప్పొచ్చుగా!"

"మీరు నమలమన్నారు!"

"ఈ వేషమేంటి మరి, పట్టపగలు నా ప్రాణం తియ్యడానికి?"

"ఇక్కడే ఒకాయన రిటైర్మెంటు సభ జరిగింది. అటునుంచి అటే వచ్చాం" అంది కమాండర్. "ముందు చెప్పి వద్దామంటే మీ నంబరు మాకు తెలీదు. పత్రిక వెళ్ళే చిరునామా ఒక్కటే ఉంది."

ఫోన్ మళ్ళీ మోగింది. డెల్లా ఈసారి అటు చూడను కూడా చూడలేదు. ఇంకో రెండు బిళ్ళలు ఒకాంపో పళ్ళెంలో వేసింది.

"ఇంతకీ నాతో మీకేం పని?"

"వాషింగ్టన్‌లో సెనేటర్ల ముందు ఒక తల్లి మాట్లాడాలి. పోయినసారి మా సంఘం మహాసభలో కోరిన్ చెప్పింది, 'మా అమ్మని కూర్చోబెట్టండి, ఎంత రాతిగుండె సెనేటరైనా ఏడుస్తాడు' అని."

"అలా అందా, దొంగపిల్ల! నాకు పెద్ద చదువు లేదమ్మా. ఏం మాట్లాడతాను?"

"ఇందాక తలుపు తీసినప్పుడు మీకెలా ఉందో చెప్పండి, చాలు."

"ఎలా ఉంటుంది? లోయిస్ గుర్తొచ్చింది." డెల్లా తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆవిడ పడిపోతుంటే పట్టుకున్నది ఆ వచ్చినవాళ్ళే. లోయిస్ చెల్లెలు వచ్చేదాకా ఒకడు ఆవిడ చెయ్యి వదల్లేదు."

"మేం అడుగుతున్నదీ అదే" అంది కమాండర్, కొంచెం ముందుకు జరిగి. "సైనికుల తల్లులకి ఆ ఇద్దరు వస్తారు. మనవాళ్ళ తల్లులకి రారు. వచ్చి తీరాలని చట్టంలో రాయించాలి."

"రారా?" డెల్లా నోరు తెరిచింది. తరవాత కడుపు పట్టుకుని నవ్వింది. "అయితే ఇన్నేళ్ళూ ఈ గుమ్మం చూసి ఊరికే భయపడి చచ్చానన్నమాట! విన్నావా బంగారూ? మా లోయిస్‌కి చెబితే పగలబడి నవ్వుతుంది."

వంటింట్లో ఫోన్ ఆగింది. ఆగి, వెంటనే మళ్ళీ మొదలెట్టింది.

"మరి మీ దళంలో ఆ కబురు ఎలా చెబుతారు?" అంది డెల్లా, కళ్ళు తుడుచుకుంటూ.

ఒకాంపో నమలడం ఆపేశాడు. కమాండర్ వంటింటివైపు చూసింది.

"ఫోన్ చేస్తారమ్మా."