నిమిషానికో నిద్ర

మీటింగులో మేనేజరు లాప్‌టాప్ తెర మూడోసారి ఆరిపోయింది. ముట్టుకోకపోతే నిమిషంలో నిద్రపోయేలా పొద్దునే సెట్టింగు మార్చింది అతని అసిస్టెంటే. నెల్లాళ్లు కూర్చుని ఆమె రాసిన రిపోర్టు మీద అతను తన పేరు వేసుకున్నాడు మరి.

"తెర పోతే పోనీండి. మీరు రాసిందేగా, నోటితో చెప్పండి," అని డైరెక్టరు విసుక్కున్నాడు.

మేనేజరు మొదటి పేజీలో ఉన్నదే మళ్లీ చెప్పాడు. ఆమెకు కడుపు నిండినట్టయింది.

అతను వెనక కూర్చున్న ఆమె వైపు వంగి, "ఆ సెట్టింగేదో మార్చమ్మా," అని గొణిగాడు.

"బ్యాటరీ ఆదా అవుతుంది సార్. కరెంటు దండగ చేయొద్దని మీరే అన్నారుగా!"

"అది కాదమ్మా... తర్వాత ఏముందో కాస్త చెప్పు."

అతను చేతులు జోడించినంత పని చేశాడు. మూడేళ్లుగా తను హడలి చచ్చింది ఈ మనిషికా!

ఆమె లేచి నిలబడింది.

"నేను చెబుతాను సార్. రాసింది నేనే."