నలభై నిమిషాల ఇల్లు

"వాళ్ళు వెళ్ళేదాకా నువ్వు నోరు విప్పావంటే నా మీద ఒట్టే," అన్నాడు గడియారాల మేస్త్రి, వీధి గేటు చప్పుడు వినపడగానే.

"అబద్ధం చెప్పి ఇల్లు అంటగడితే వాళ్ళ ఉసురు తగులుతుంది," అంది ఆయన భార్య. ఆ మాట అనేసి, నోటి మీద వేలు పెట్టుకుని మూలనున్న స్టూలు మీద కూర్చుంది. మొగుడి మీద ఒట్టాయె, ఏం చేస్తుంది మరి.

మేస్త్రి గోడ గడియారం వంక చూశాడు. పదకొండూ పదిహేను. ఐదు నిమిషాల క్రితమే ఒక విమానం వెళ్ళింది. మళ్ళీ పదకొండూ యాభైకి గానీ ఇంకోటి రాదు. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ బాగుచేసిన మనిషికి నిమిషాల లెక్క ఒకరు చెప్పాలా? ఇప్పటికి ఎనిమిది మంది ఇల్లు చూడ్డానికి వచ్చారు. ఎనిమిది మందీ నెత్తిమీద విమానం హోరెత్తగానే చెవులు మూసుకుని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పారిపోయారు. భార్యకేమో చెవుల్లో రోజంతా ఒకటే రొద. ఇక్కణ్ణించి కదలకపోతే ఉన్న వినికిడి కూడా పోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. కొందామని చూసిపెట్టుకున్న చిన్న ఇంటివాళ్ళు ఆదివారం దాటితే ఆగలేమన్నారు. అందుకే ఏనాడూ అబద్ధమాడని మేస్త్రి ఈ పూట దానికి సిద్ధపడ్డాడు.

వచ్చింది అత్తాకోడళ్ళు. కోడలి భర్త విమానాలు మరమ్మతు చేసే మెకానిక్. ఇక్కడి విమానాశ్రయానికి బదిలీ అయి మూడు వారాలైందట. డ్యూటీ ఉండి రాలేదట. ప్రస్తుతానికి ఊరికి ఆ చివర, తోటల పక్కన రెండు గదుల్లో ఉంటున్నారట. అత్తగారి కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. గడప దాటుతూనే ఆవలించింది, కుర్చీ కనపడగానే కూలబడింది.

మేస్త్రి ఇల్లు చూపించడం మొదలుపెట్టాడు. పాతదే గానీ మూరెడు మందం గోడలన్నాడు. తలుపులు ఏనుగు గుద్దినా కదలవన్నాడు. నాలుగు గదులు, పెద్ద వంటిల్లు, పెరట్లో జామచెట్టు చూపించాడు. కిటికీ అద్దాలు అదరకుండా సందుల్లో తాను కుక్కిన కాగితాల ఊసు మాత్రం ఎత్తలేదు. కోడలు కుళాయిలు తిప్పి చూసింది, అలమారాలు తెరిచి చూసింది, పిల్లల బల్ల ఎక్కడ పడుతుందో జానలతో కొలుచుకుంది. ఇంత ఇల్లు ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారని అడిగింది. తమకి ఆశ లేదని, మంచివాళ్ళ చేతిలో పడితే చాలని అన్నాడు మేస్త్రి. మూల నుంచి ఆయన భార్య గట్టిగా దగ్గింది.

"విమానాశ్రయం ఇంత దగ్గర కదా బాబాయిగారూ, ఇల్లేంటి ఇంత నిశ్శబ్దంగా ఉంది?" అంది కోడలు.

"అవన్నీ అటేపు నుంచి పోతాయమ్మా. మన వీధి మొహం కూడా చూడవు."

కోడలి మొహం చిన్నబోయింది. మేస్త్రి అది గమనించే స్థితిలో లేడు. పదకొండూ నలభై మూడైంది, వీళ్ళని ఎలా సాగనంపాలా అని తొందరపడుతున్నాడు. ఎండ ముదురుతోందన్నాడు. అత్తగారికి విశ్రాంతి కావాలేమోనన్నాడు. కోడలు తాపీగా జామచెట్టు ఏటా కాస్తుందా అని అడిగింది. కాస్తుందన్నాడు. కాయకి పురుగు పడుతుందా అని అడిగింది.

పదకొండూ నలభై తొమ్మిదైంది. స్టూలు మీదున్న భార్య లేచింది. ఎవరూ పిలవకుండానే వంటింట్లోకి వెళ్ళి, గిన్నెల స్టాండును రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి. నోటికైతే ఒట్టు పెట్టాడు గానీ, చేతుల సంగతి ఆయనకి తట్టలేదు.

విమానం వచ్చింది. ఇల్లంతా గజగజలాడింది. కిటికీల్లో కాగితాలు ఊడిపడ్డాయి. బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు దానంతటదే జానెడు దూరం నడిచింది. మేస్త్రి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

హోరు తగ్గాక తెరిచి చూస్తే కోడలు పారిపోలేదు. తలెత్తి పైకప్పు వంక చూస్తోంది.

"ఇవి రోజూ వస్తాయా బాబాయిగారూ? రాత్రిళ్ళు కూడానా?"

తొమ్మిదో బేరం కూడా చేజారిపోతోందనుకున్నాడు మేస్త్రి. "ఇదేదో దారితప్పి వచ్చిందమ్మా. మా ఆవిడ మీద ఒట్టు, రాత్రిళ్ళు ఒక్కటంటే ఒక్కటి రాదు. చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది."

వంటింట్లోంచి ఆవిడ ఉరిమి చూసింది. కోడలు నిట్టూర్చింది.

"అయితే మాకు కుదరదండీ. ఇల్లు చాలా నచ్చింది గానీ, ఏం లాభం?" అంటూ కుర్చీ వైపు చూపించింది. అత్తగారు నోరు తెరుచుకుని, గుర్రుపెట్టి నిద్రపోతోంది. "మా అత్తయ్య పాతికేళ్ళు మా పాత ఊళ్ళో విమానాశ్రయం గోడ పక్కనే ఉంది. ఆ హోరు లేక ఇక్కడ మూడు వారాలుగా కంటి మీద కునుకు లేదు. మాత్రలు కూడా పనిచేయలేదు. ఇదిగో, ఇప్పుడు పట్టింది నిద్ర."

మేస్త్రి గభాలున మాట మార్చాడు. రాత్రికి ఏడొస్తాయమ్మా అన్నాడు. తెల్లారేలోపు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తాయన్నాడు. కోడలు నమ్మలేదు. ఇల్లు అమ్ముడుపోవాలని ఎవరైనా అలాగే అంటారని, ఇందాకే ఆవిడ మీద ఒట్టు కూడా వేశారని గుర్తుచేసి, అత్తగారిని లేపడానికి వంగింది.

మేస్త్రి వంటింట్లోకి పరుగెత్తాడు. "నీకు దణ్ణం పెడతానే, బయటికొచ్చి ఆ ఉన్న నిజమేదో ఒక్కసారి చెప్పు."

ఆవిడ గిన్నెల స్టాండు వదిలింది. వచ్చే నవ్వు ఆపుకుంటూ నోటి మీద వేలు పెట్టుకుని, వాళ్ళింకా వెళ్ళలేదుగా అన్నట్టు కళ్ళతోనే హాల్లోకి చూపించింది.