తాయత్తు దారం

"ఆ మిషను నీ చెయ్యి తింటది బిడ్డా! పొద్దటి సంది నా కుడికన్ను అదురుతాంది."

ఉప్పలమ్మ ఈ మాట అనేసరికి మిషను ఇంకా తిరగనే లేదు.

మద్దేడ్‌లో అడవి గుత్త పట్టిన ఠేకేదారు కలప డిపోకి ఎడ్లబండి మీద కొత్తగా దిగిన మిల్లింగ్ మిషను అది. పైన ఇనుమును కోసే పళ్లచక్రం. కింద గుండ్రటి బల్ల. ఇనుపముక్కను బిగించి పిడి తిప్పితే బల్ల తిరుగుతుంది, కత్తికి వంపు వచ్చేస్తుంది. రాజుగారుండే జగదల్‌పూర్‌లో కూడా ఇలాంటిది లేదని ఠేకేదారు గొప్పలు.

ఉప్పలమ్మ కొడుకు రామనర్సయ్య ఇవాళ దానిమీద మొదటిసారి కల్లు గీసే కత్తి చెయ్యాలి. ఊరంతా తమాషాకి వచ్చింది.

ఉప్పలమ్మ ఎర్రదారం తాయత్తు కొడుకు మణికట్టుకు కట్టింది. చాలదనిపించి ఇంకో రెండు చుట్లు చుట్టింది. కొసలు జానెడు వేలాడాయి.

"కొసలు కొయ్యకు బిడ్డా. అమ్మోరి దారం, కొయ్యగూడదు."

"పుస్తె కట్టినప్పుడు గూడ నీ కొడుకు ఇంత గట్టిగ కట్టలేదత్తా!" అంది పక్కింటి మంగి. అందరూ గొల్లున నవ్వారు.

ఇంజను బుసకొట్టింది. చక్రం ఝుమ్మంది.

రామనర్సయ్య పిడి మీద చెయ్యి వేశాడో లేదో, దుప్పటి కప్పుకున్న ఓ నెరిసిన గడ్డపాయన గుంపులోంచి దూకాడు. ఒంటిచేత్తో ఆ మణికట్టు పట్టి వెనక్కి లాగాడు. దారాన్ని పళ్లతో కొరికి తెంపాడు!

"కొరికిండు! నా బిడ్డను కొరికిండు!"

"ఎవడ్రా నువ్వు? ఏ ఊరోడివి?"

ఆయన తెగిన తాయత్తును దూరంగా విసిరేశాడు.

"అమ్మోరి దారం తెంపుతవా? నీ చెయ్యి పడిపోను!" ఉప్పలమ్మ దుమ్మెత్తి పోసింది.

నలుగురు ఆయన్ని గేటు బయటికి గెంటారు.

తాయత్తును ఉప్పలమ్మ ఏరుకుని కళ్లకద్దుకుంది. మళ్లీ చేతికి కట్టబోతే ఠేకేదారు ఆలస్యమవుతోందని కసిరాడు. కొడుకు దగ్గరే ఉంటుందని దాన్ని పిడికి చుట్టేసింది.

చక్రం ఇనుము మీదికి దిగింది. బల్ల తిరిగింది. నెలవంకలా తెల్లటి వంపు తేలింది.

"వస్తాంది! వస్తాంది!" జనం కేకలు.

దారం కొసలు చక్రం గాలికి ఎగిరాయి. చక్రం అందుకుంది. రెప్పపాటులో దారమంతా లోపలికి గుంజుకుపోయింది. రాగి తాయత్తు నుజ్జయి ఉప్పలమ్మ కాళ్ల దగ్గర పడింది.

ఆమె తప్ప ఎవరూ చూడలేదు. కత్తిని ఎత్తిపట్టి ఎగురుతున్నారు.

ఉప్పలమ్మ గేటు బయటికి పరుగెత్తింది.

ఆ గడ్డపాయన ఉసూర్ ఊరికి పోయే ఎడ్లబండి ఎక్కుతున్నాడు. దుప్పటి జారింది. కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది.

"అయ్యా... మిషనేనా?"

బండి కదిలింది.

"ఒక్కమాట అంటే ఆగకపోదుమా నాయనా? నేనన్ని తిట్లు తిట్టినా నోరు ఇప్పకపోతివి!"

బండి వెంటే నడిచింది. వాగు దాటారు. ఇప్పచెట్లు దాటారు.

చివరికి ఆయన వెనక్కి తిరిగాడు.

"నాకు గూడ మా అమ్మే కట్టింది తల్లీ. ఆ దారమే నా చెయ్యి తిన్నదని ఆమె పోయేదాక తెలవనియ్యలే."