తిమ్మన్న ఒప్పుకోలు

నాగక్క పుంజు పోయింది. ఒక రోజంతా ఊరు గాలించి, రెండో రోజు పొద్దున్నే ఆమె గుండప్ప వేరుశనగ మండీకి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

నిడుగల్లులో అదే వాడుక. పావగడ పోలీసు స్టేషనుకు పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. మండీ అయితే నాలుగు అడుగులు. పైగా గుండప్ప కాయను చెవి దగ్గర ఊపి లోపలి పప్పు సంగతి చెప్పేవాడు. మనిషిని కూడా అట్లాగే చెప్పగలడని ఊరి నమ్మకం. ఊరి కంటే ముందు ఆ నమ్మకం గుండప్పకు ఉంది.

“మారెమ్మకు మొక్కుకొన్న పుంజన్నా. వినాయక చవితినాడు గంప కింద మూసి, పైన రాయి పెట్టినా. తెల్లారి చూస్తే గంప యాడనో, రాయి యాడనో. ఎత్తుకపోయినోడు ఈడే ఉండాడు,” అంది నాగక్క.

ఆమె వేలు మూటలు మోస్తున్న హమాలీ హొన్నూరప్ప వైపు తిరిగింది. ఇద్దరి ఇళ్లకూ నడుమ ఒకటే గోడ.

“నేను కాదు సావుకారీ. నిన్న మా పొయ్యి మీద ఏముండాదో వచ్చి చూసుకోమను,” అన్నాడు హొన్నూరప్ప.

“నిన్న ఉండేది ఈ పొద్దు యాట్ల చూసేదిరా?”

గుండప్ప ఇరకాటంలో పడ్డాడు. హొన్నూరప్ప లాంటి పనివాడు చుట్టుపక్కల దొరకడు. కానీ మండీలో నలభై మంది రైతుల సరుకు ఉంటుంది. దొంగ అన్న పేరు పడ్డవాణ్ణి దాని నడుమ ఉంచితే, రేపటి నుంచి ఒక్క బండి కూడా మెట్ల ముందు ఆగదు. అతణ్ణి పంపక తప్పదు. పంపితే, అది పంతొమ్మిది వందల ఎనభై ఆరు, వరసగా మూడో కరువు, ఇంకొకచోట పని దొరకదని హొన్నూరప్పకూ తెలుసు. నిలబడ్డచోటే తడిసిపోతున్నాడు.

“చూడన్నా, ఎట్ల చెమట పడతాండాదో.”

“మూట మోసినోడికి చెమట కాకుంటే పన్నీరు పడతాదా?” అన్నాడు గుండప్ప. అన్నాడే కానీ, ఏం చేయాలో తోచలేదు.

అప్పుడు గోడవార కూర్చున్న తిమ్మన్న బీడీ ఆర్పి లేచాడు. నాలుగెకరాల రైతు. ఒకరి జోలికి పోని మనిషని పేరు.

“ఆ పుంజును ఎత్తుకపోయింది నేనప్పా. హొన్నూరప్పను ఇడిసిపెట్టండి,” అన్నాడు.

మండీ అంతా తిమ్మన్న వైపు తిరిగింది.

గుండప్ప కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. ఆయన లెక్క ప్రకారం, చేసినవాడు ముందు కాదంటాడు. తర్వాత ఇంకొకడి పేరు చెప్తాడు. ఆఖరుకు ఏడుస్తాడు. అడగకముందే ఒప్పుకునేవాడు ఆ లెక్కలో లేడు.

“యాట్ల ఎత్తుకపోయినావు?”

“రాయి దొర్లించి, గంప ఎత్తి, పంచెలో చుట్టుకొని.”

“అరవలేదా?”

“తల రెక్క కింద దూర్చి పట్టుకుంటే పుంజు అరవదప్పా.”

“తర్వాత?”

“మర్నాడు పులుసు పెట్టినాము. మిరియాలు రవ్వంత ఎక్కువ పడినాయి. కాళ్లు అల్లునికి, మెడ నాకు.”

గుండప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. నిజమైన దొంగ మిరియాల దాకా రాడు. గంప దగ్గరే తడబడతాడు.

“తిమ్మన్నా, ఆ కథ చాల్లే గానీ, ఈ నింద ఎందుకు నెత్తినేసుకుంటాండావో చెప్పు.”

తిమ్మన్న తల గోక్కున్నాడు. “చవితినాడు దూడ తాడు తెంపుకొనిందప్పా. పట్టుకుందామని వాకిట్లోకి వస్తే, చంద్రుడు కండ్లబడినాడు.”

అందరూ ‘అయ్యో’ అన్నారు. చవితి చంద్రుణ్ణి చూసినవాడి మీద చేయని తప్పు పడుతుంది. అందుకే ఆ సాయంత్రం నిడుగల్లులో ఎవరూ గడప దాటరు.

“కథ విని అక్షింతలేసుకుంటే దోషం లేదు గదా?” అన్నాడు గుండప్ప.

“కథ సగంలోనే నిద్రపోయినా.” తిమ్మన్న సిగ్గుపడ్డాడు. “ఎట్లయినా ఒక నింద పడేదే. వచ్చే వారం సొసైటీ గోదాము తాళాలు నా చేతికిస్తామంటాండారు. ఆడ పడితే విత్తనాల మూటల మీద పడతాది. ఈడ పుంజు మీద పడితే అగ్గువ గదా. హొన్నూరప్ప పని కూడా నిలబడతాది.”

మండీ ఘొల్లుమంది. గుండప్ప తొడ చరుచుకున్నాడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఇంత మంచి బేరం ఆయన కూడా చేయలేదు.

దోషం పోవాలంటే తిట్లు తినాలి కదా అని, నాగక్క నవ్వు బిగబట్టుకుని తిమ్మన్నను ఏడు తరాల దాకా తిట్టిపోసింది. తిమ్మన్న దీవెనలు అందుకున్నట్టు తల వంచి అందుకున్నాడు.

“వచ్చే సంతలో ఇంకా పెద్ద పుంజును తెచ్చిస్తానక్కా. ఒప్పుకొన్నాక దండుగ కట్టాల గదా,” అన్నాడు.

“తినని కోడికి దండుగ కట్టేవాణ్ణి తాలూకా మొత్తంలో ఇంకొకణ్ణి చూపించండి,” అన్నాడు గుండప్ప. “తాళాలు ఈయప్పకు కాకుంటే ఎవురికిస్తారు?”

పుంజును నక్క ఎత్తుకపోయిందని తీర్పు చెప్పాడు. హొన్నూరప్ప మళ్లీ మూట ఎత్తుకున్నాడు. నాగక్క లేచి కొంగు దులుపుకుంది. అందరికీ టీలు వచ్చాయి, తిమ్మన్నకు రెండు.

మూడేళ్లుగా మబ్బు కోసం మెడలు పట్టుకుపోయేలా పైకి చూసిన ఊరు, చవితి నాటి సాయంత్రం ఒక్కపూట భయపడి తలుపులు మూసుకుంది కాబట్టి, ఆ సాయంత్రమంతా ఆకాశం నిండా మబ్బు కమ్ముకుని చంద్రుడు కనిపించనే లేదన్న సంగతి, చంకలో పంచె మూటతో బయట తిరిగిన ఒక్క తిమ్మన్నకే తెలుసు.