ఏడు అరల డబ్బా

"మళ్లీ కొత్త మాత్రా?" తడి గిన్నె తుడుస్తూ అమ్మ మాత్రల డబ్బాలోకి తొంగిచూసింది. "థైరాయిడ్‌కొకటి, కీళ్లకి రెండు, ఇప్పుడిదొకటి. అన్నం మానేసి ఇవే తిను."

సగం కుట్టిన జాకెట్టును మిషన్ మీద పక్కకి జరిపి, కూతురు ఆదివారం అరలో మాత్ర వేసింది. వేళ్ల కణుపులు వాచి డబ్బా మూత ఓ పట్టాన పడటం లేదు.

"మామూలు ఫోలిక్ యాసిడ్ విటమిన్‌ని నా ఒళ్లు సరిగ్గా వాడుకోలేదటమ్మా. జన్యువులోనే తేడా ఉందట. ఒంటికి నేరుగా పనికొచ్చే రకం రాశాడు డాక్టరు."

"దీంతో కీళ్లనొప్పులు పోతాయా?"

"పోవు. నీరసం కొంచెం తగ్గొచ్చన్నాడు. మాట మాత్రం ఇవ్వలేదు."

"నీరసం కాదు, బద్ధకం. మా వైపు ఇలాంటివేం లేవు."

"ఆ తేడా ఉన్న జన్యువు నాన్న నుంచి ఒకటి, నీ నుంచి ఒకటి వచ్చిందట."

గిన్నె తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"పొద్దున లేవగానే నీకెలా ఉంటుందే?"

పదేళ్ల జబ్బులో అమ్మ ఈ మాట అడగడం ఇదే మొదలు.

"రాత్రంతా బస్తాలు మోసినట్టుంటుంది. మంచం దిగాలంటే నా కాళ్లని నేనే బతిమాలుకోవాలి."

అమ్మ గిన్నె పక్కన పెట్టింది.

"అదా జబ్బు?" అంది. "అందరికీ అంతేననుకున్నానే."

పొద్దున పూట అమ్మ కూర్చోగా చూసిన గుర్తు కూతురికి లేదు. మెల్లగా లేచి, మిషన్ ముందున్న తన స్టూలు అమ్మ వైపు జరిపింది.

"కూర్చోమ్మా."

"బోలెడు పనుందే," అంటూనే అమ్మ కూర్చుంది.