సావ్ పిన్ని రాసిన మూడు వాక్యాలు

"మీకేమైనా జబ్బా పిన్నీ?"

నోటుబుక్కు బల్ల మీద పడేసి అడిగింది థావో.

సావ్ పిన్ని లేచి నిలబడింది. కాంథో పట్నంలోని ఆ ఇంగ్లీషు క్లాసులో అందరికంటే పెద్దది ఆవిడే. చేరి రెండు వారాలైంది.

"లేదు టీచరమ్మా. గుండ్రాయిలా ఉన్నాను."

క్లాసంతా గొల్లుమంది.

ముందురోజు థావో బోర్డు మీద 'టెర్మినల్లీ ఇల్' అని రాసింది. ఇక నయం కాదని డాక్టర్లు తేల్చేసిన మనిషి గురించి చెప్పే మాట. దాన్ని సరిగ్గా వాడి మూడు వాక్యాలు రాసుకు రమ్మంది.

అందరూ ఎవరో తాతగారి గురించో, పక్కింటాయన గురించో రాశారు. సావ్ పిన్ని ఇలా రాసింది:

"నాకు నయం కాదని నాకు తెలుసు, పిల్లలు దాస్తున్నారు."

"నయం కాదని నాకు తెలిసినట్టు చెబితే నా కూతురు తట్టుకోలేదు."

"నాకు ఎలాగూ నయం కాదు, ఊపిరి ఉండగానే నన్ను మా ఇంటి గడప దాటించి లోపలికి చేర్చండి."

"మాట సరిగ్గానే వాడారు," అంది థావో. "కానీ నిక్షేపంలా ఉన్న మనిషి తన గురించి ఇలా రాసుకుంటుందా? అశుభం! పైగా పచ్చి అబద్ధం. నాకు అబద్ధాలంటే ఒళ్ళు మంట."

మూడు వాక్యాలనూ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పదికి మూడు వేసింది.

"మార్కులు లేకపోయినా ఫరవాలేదు టీచరమ్మా," అంది సావ్ పిన్ని మెల్లగా. "ఇంకొక్కసారి చదవండి."

"జాలి మార్కులు నా దగ్గర దొరకవు. కూర్చోండి."

వెనక బెంచీ నుంచి ఎవరో "పిన్నీ, శవయాత్ర ఎప్పుడు?" అన్నారు. అందరితోపాటు థావో కూడా నవ్వింది.

క్లాసు అయ్యాక రోజూలాగే ఆస్పత్రికి వెళ్ళింది. పొద్దుట్నుంచీ అమ్మ దగ్గర వదిన హాన్ ఉంటుంది. సాయంత్రం రెండు గంటలు థావో వంతు.

"ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది. ఎప్పుడే ఇంటికి?"

"ఇంకో పది రోజులమ్మా. కడుపులో పుండు మానగానే వెళ్ళిపోదాం."

అది పుండు కాదు. మూడు నెలలుగా ఇంటిల్లిపాదీ అదే మాట చెబుతున్నారు. ఆ ఊళ్ళో ఎవరింట్లోనైనా అంతే, జబ్బు పేరు రోగికి తప్ప అందరికీ తెలుస్తుంది. ఇంటికి తీసుకెళ్ళిపోతే మంచిదని డాక్టరు నిన్ననే చెప్పాడు. థావోనే ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇంటికి వెళ్దామంటే అమ్మకు సంగతి అర్థమైపోతుందని ఆమె భయం.

"ఇవాళ నీ క్లాసులో ఏం రాశారే?" అడిగింది అమ్మ. ఈమధ్య రోజూ అడుగుతోంది.

"ఏముంది! ఒక పెద్దావిడ ఏదో పిచ్చిరాత రాస్తే కొట్టేశాను."

"తప్పులు రాసిందా?"

"తప్పులేం లేవు."

"మరి? పూర్తిగా చదివావా?"

"చదివాన్లే అమ్మా. నీకెందుకవన్నీ? పడుకో."

అమ్మ చాలాసేపు కూతురి మొహంకేసి చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

మూడో రోజు పొద్దున ఆస్పత్రి మంచం మీదే ప్రాణం పోయింది.

పడవ మీద తీసుకొచ్చారు. కాలవగట్టు మీది తమ ఇంటి ముందు అన్న ఖోయ్ అప్పటికే టెంటు వేయించాడు.

"లోపలికి తీసుకెళ్దాం అన్నయ్యా," అంది థావో.

"ఎలా తీసుకెళ్తామే? బయట పోయిన మనిషిని గడప దాటించకూడదు."

"తన ఇల్లు అన్నయ్యా ఇది!"

"నాకు తెలీదా? మొన్నే తెచ్చుకుందాం అంటే నువ్వే కదే వద్దన్నావు!"

నలభై ఏళ్ళు తన చేత్తో ఊడ్చుకున్న ఇంటి ముందు, అమ్మ పరాయిదానిలా టెంటు కింద పడుకుంది. థావో తల ఎత్తలేకపోయింది.

మధ్యాహ్నం సావ్ పిన్ని వచ్చింది. అగరొత్తి వెలిగించి, మూడుసార్లు వంగి దండం పెట్టింది.

క్లాసులో నవ్విన నవ్వు గుర్తొచ్చి థావోకు మొహం చెల్లలేదు.

"మీరా పిన్నీ? మీకెవరు చెప్పారు?"

"ఈమెకు ఒకరు చెప్పాలా?" అంది వదిన. "రోజూ తెల్లారకుండా వార్డంతా తిరిగి ఊరికే గంజి పోస్తుంది. అత్తయ్యకైతే పక్కన కూర్చుని తాగించి మరీ వెళ్ళేది. ఇద్దరూ గంటలు గంటలు ఒకటే గుసగుసలు. నువ్వొచ్చేది సాయంత్రం కదా, నీకెలా తెలుస్తుంది!"

థావో సావ్ పిన్ని వైపు తిరిగింది. "పిన్నీ... ఆ వాక్యాలు?"

సావ్ పిన్ని కళ్ళు తుడుచుకుంది.

"నన్ను మన్నించు తల్లీ. తనకు తెలుసని నీకు నేరుగా చెప్పొద్దని మీ అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. ఎవరు చెప్పినా నువ్వు వినవట. శిష్యులు రాసింది మాత్రం అక్షరం వదలకుండా చదువుతావట. అందుకే నన్ను నీ క్లాసులో చేర్పించింది."

ఎర్ర సిరాతో థావో కొట్టేసిన ఆ మూడు వాక్యాలూ అమ్మవే; సావ్ పిన్ని నిఘంటువు దగ్గర పెట్టుకుని వాటిని ఇంగ్లీషులోకి మార్చిందంతే.